థాయ్‌లాండ్‌కి ఇద్దరం, ఎనిమిది రోజులు: ఒక పెట్టె సరిపోతుందా, రెండు కావాలా?

మలక్‌పేట_ప్రయాణం

అందరికీ నమస్తే. ఫిబ్రవరి రెండో వారంలో నేనూ మా ఆవిడా థాయ్‌లాండ్ వెళ్తున్నాం. శంషాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కడ రెండు రాత్రులు. తర్వాత వేరే టికెట్ మీద క్రాబి: ఆవో నాంగ్‌లో రెండు రాత్రులు, రైలే బీచ్‌లో రెండు. తిరుగు దారిలో బ్యాంకాక్‌లో ఒక రాత్రి ఉండి ఇంటికి.

హైదరాబాద్–బ్యాంకాక్ టికెట్లో తలా 20 కేజీల చెక్-ఇన్, 7 కేజీల చేతి సామాను ఉన్నాయి. క్రాబి టికెట్లో తలా 7 కేజీల చేతి సామాను మాత్రమే, చెక్-ఇన్ కావాలంటే కొనుక్కోవాలి. ఇంట్లో 28 అంగుళాల సూట్‌కేసు ఒకటి, 20 అంగుళాల ట్రాలీ ఒకటి, ఆఫీసు బ్యాక్‌ప్యాకులు రెండు ఉన్నాయి.

ఇద్దరికీ కలిపి పెద్దది ఒక్కటి తీసుకోవాలా, చెరొకటా? బట్టలు ఎన్ని జతలు? సన్‌స్క్రీన్ ఎంత పట్టుకెళ్ళాలి? ఆవకాయ, పొడులు పెట్టుకోవచ్చా? పవర్ బ్యాంకు 20,000 ఎంఏహెచ్‌ది, దానితో ఏమైనా ఇబ్బందా? గుళ్ళకి వెళ్తారు కదా, పట్టుచీర పెట్టుకోమని మా అత్తగారు అంటున్నారు. అది కూడా తేల్చండి.

కాంటా_మాస్టర్

ముందు ఆ 28 అంగుళాల దాన్ని మళ్ళీ అటక ఎక్కించండి. ఖాళీగానే ఐదు కేజీల దాకా తూగుతుంది. పైగా పెద్ద పెట్టెలో ఖాళీ కనిపిస్తే ఇంట్లో వాళ్ళందరికీ చేతులు ఊరుకోవు, తలా ఒకటి పడేస్తారు. నిండితే 28, 30 కేజీలకు పోతుంది. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే ఇద్దరి బరువూ కలిపి చూసే ఎయిర్‌లైన్లు చాలా ఉన్నాయి, కానీ ఒక్కో పెట్టె మాత్రం 32 కేజీలు దాటకూడదు. ఎత్తే మనుషుల నడుములు పోతాయని పెట్టిన నిబంధన అది, డబ్బు కట్టినా ఒప్పుకోరు.

మీ ప్రయాణానికి హద్దు గీసేది హైదరాబాద్ టికెట్ కాదు, క్రాబి టికెట్. 40 కేజీలు బ్యాంకాక్ దాకా హాయిగా వస్తాయి, అక్కణ్నుంచి ప్రతి కేజీకీ డబ్బు కట్టాలి. అందుకే లెక్క తక్కువ ఉన్న చోటు నుంచి మొదలెట్టాలి. ఇద్దరి చేతి సామాను 14 కేజీలు. ఒక్కరి పేరు మీద 20 కేజీల చెక్-ఇన్ కొనండి, ఇద్దరికీ అక్కర్లేదు. మొత్తం 34. ఎనిమిది రోజులకు ఇద్దరికి ఇందులో ఇంకా మిగులుతుంది. ఆ 20 కేజీలు కూడా ముందే ఆన్‌లైన్లో కొనండి. కౌంటర్ దగ్గర అదే బరువుకు రేటు బాగా ఎక్కువ.

ఒక 24 అంగుళాల పెట్టె (ఖాళీగా 3.5 నుంచి 4 కేజీలు), మీ దగ్గరున్న రెండు బ్యాక్‌ప్యాకులు చాలు. 20 అంగుళాల ట్రాలీని చేతి సామానుగా పట్టుకెళ్ళొద్దు. దాని చక్రాలు, కడ్డీ, గట్టి అట్టా కలిపి రెండున్నర, మూడు కేజీలు. ఏడులో మూడు పెట్టెకే పోతే మీకు మిగిలేది నాలుగు. బ్యాక్‌ప్యాకు కేజీ లోపే ఉంటుంది. తక్కువ ధర విమానాల్లో ఆ 7 కేజీల్లోనే హ్యాండ్‌బ్యాగూ, ల్యాప్‌టాప్ సంచీ కూడా కలిపి తూస్తారు, ఇది చాలామంది మర్చిపోతారు.

చేతితో వేలాడదీసే లగేజీ కాంటా ఒకటి కొనుక్కోండి, బేగంబజార్లో చవకగా దొరుకుతుంది. పట్టీని కొక్కేనికి వేసి, పెట్టె నేలను తాకకుండా ఎత్తి, అంకె నిలబడేదాకా కదలకుండా ఉంచాలి. చేయి వణికితే అర కేజీ అటూ ఇటూ చూపిస్తుంది, అందుకని రెండుసార్లు తూయండి. కాంటా లేకపోతే బాత్రూమ్ తూకం మీద మీరు ఒకసారి, పెట్టె పట్టుకుని ఒకసారి నిలబడి తీసివేయండి. ఇంటి దగ్గర 18 కంటే ఎక్కువ చూపించకూడదు. తిరిగొచ్చేటప్పుడు అవే బట్టలు చెమటకీ తడికీ కేజీ పెరుగుతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. "నా పెట్టె, నీ పెట్టె" అని సర్దొద్దు. చెక్-ఇన్ పెట్టె ఒక రోజు ఆలస్యంగా వస్తే ఇద్దరూ ఆ రోజు గడపగలగాలి. ప్రతి బ్యాక్‌ప్యాకులో ఎవరిది వాళ్ళకు ఒక పూర్తి జత, రెండు లోదుస్తులు, ఈత దుస్తులు, చెప్పులు, మందులు ఉండాలి. రెండు చెక్-ఇన్ పెట్టెలు తీసుకెళ్ళే వాళ్ళయితే ఇద్దరి బట్టలూ సగం సగం రెండింట్లో పెట్టాలి. ఒకటి తప్పిపోతే ఒకరు పూర్తిగా కట్టుబట్టలతో మిగిలే పరిస్థితి రాదు.

కౌంటర్ దగ్గర ట్యాగులన్నీ ఒక్కరి పేరు మీదే అతికించేస్తుంటారు. పెట్టెలు రెండైతే ఒక్కొక్కరి పేరున ఒక్కోటి వేయమని అడగండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పరిహారం లెక్క ప్రయాణికుడికి ఇంత అని ఉంటుంది, పెట్టెకు ఇంత అని కాదు. 2024 డిసెంబరు 28 నుంచి ఆ గరిష్ఠం మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల యూనిట్). పెట్టె రాకపోయినా, విరిగి వచ్చినా విమానాశ్రయం దాటక ముందే పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించి నంబరు తీసుకోండి. నష్టానికి రాతపూర్వక ఫిర్యాదు సామాను చేతికొచ్చాక 7 రోజుల్లో, ఆలస్యానికైతే 21 రోజుల్లో ఇవ్వాలి. సర్దేటప్పుడు తెరిచిన పెట్టెను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే లోపల ఏముందో రాయడం తేలిక.

ఇంకొకటి. బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలు, సువర్ణభూమి, డాన్ మువాంగ్. తక్కువ ధర విమానాలు ఎక్కువగా డాన్ మువాంగ్ నుంచి. మీ క్రాబి టికెట్ మీద ఏది ఉందో ఇప్పుడే చూసుకోండి. టికెట్లు వేరు కాబట్టి సామాను తనంతట తను మారదు, మీరే తీసుకుని మీరే మళ్ళీ ఇవ్వాలి.

తేలికబట్టలు

పైన చెప్పిన బరువుల లెక్కంతా సరే. ఒక్క 24 అంగుళాలది అన్నదానితో మాత్రం నేను సగమే ఒప్పుకుంటాను, కారణం రైలే బీచ్. అక్కడికి రోడ్డు లేదు. ఆవో నాంగ్ నుంచి లాంగ్‌టెయిల్ పడవలో పావుగంట. పడవ ఒడ్డుకు కొంచెం ఇవతలే ఆగుతుంది. ఆటు మీద ఉన్నప్పుడు మోకాలి లోతు నీళ్ళలో దిగి నడవాలి, తర్వాత ఇసుక. చక్రాల పెట్టె అక్కడ చక్రాలున్న బరువు మాత్రమే. కాబట్టి పెట్టెను ఆవో నాంగ్ హోటల్లోనే వదిలి, రసీదు తీసుకుని, రెండు బ్యాక్‌ప్యాకులతో రైలేకి వెళ్ళండి. తిరుగు దారి ఎలాగూ ఆవో నాంగ్ మీదుగానే. బుక్ చేసేముందే సామాను ఉంచుతారా అని హోటల్‌ని ఒక మాట అడగండి. అప్పుడు మీ బ్యాక్‌ప్యాకులు రెండు రాత్రులకు సరిపోయేలా ఉండాలి, అదొక్కటీ ముందే ఆలోచించి సర్దాలి.

బట్టలు. ఎనిమిది రోజులకు ఎనిమిది జతలు కాదు, నాలుగు రోజులవి పెట్టుకుని మధ్యలో ఒకసారి ఉతికించండి. ఆవో నాంగ్‌లో కేజీల లెక్కన ఉతికే లాండ్రీలు వీధి వీధికీ ఉంటాయి, ఇవాళ ఇస్తే రేపు ఇస్తారు. రైలే వెళ్ళేముందు ఉతికించుకుంటే సరిగ్గా సగం ప్రయాణం.

మనిషికి: తేలికైన చొక్కాలు లేదా టాప్‌లు 5, కింద వేసుకునేవి 3 (ఒకటి పొడుగు వదులు ప్యాంటు, రెండు షార్ట్స్ లేదా పలాజో), రాత్రి దుస్తులు 1, ఈత దుస్తులు 2, లోదుస్తులు 7. ఈత దుస్తులు రెండెందుకంటే మొదటిది మర్నాటికి ఆరదు. తడి బట్ట మళ్ళీ వేసుకుంటే గజ్జల్లో ఒరుపు, దురద.

జీన్స్ వద్దు. ఒక్కటే 600 నుంచి 800 గ్రాములు, ఆ ఉక్కలో తడిస్తే రెండు రోజులైనా ఆరదు. హైదరాబాద్ మే నెల ఎండకు అలవాటైన వాళ్ళు ఇక్కడే పొరబడతారు. మన ఎండ పొడి ఎండ, చెమట పట్టగానే ఎగిరిపోతుంది. సముద్రం పక్కన గాలిలోనే నీళ్ళుంటాయి, చెమట ఎగరదు, బట్ట ఒంటికి అంటుకుంటుంది. మందపు కాటన్ కూడా అదే పని చేస్తుంది. మల్ కాటన్, రేయాన్, పల్చటి లినెన్ తీసుకోండి. టీషర్టు 150 గ్రాములు, లినెన్ చొక్కా 220 చిల్లర.

పెద్ద టర్కీ టవల్ 500 గ్రాములు, నీళ్ళు పీలిస్తే కేజీ దాటుతుంది. హోటల్లో ఎలాగూ ఇస్తారు. బీచ్‌కి పల్చటి నూలు తువ్వాల చెరొకటి చాలు. ఒళ్ళు తుడుచుకోవచ్చు, ఇసుక మీద పరుచుకోవచ్చు, విమానంలో ఏసీకి కప్పుకోవచ్చు.

చెప్పులు చెరి రెండు జతలు. వెనక పట్టీ ఉన్న నడక శాండిల్స్ ఒకటి, హవాయి ఒకటి. బరువైన జతను విమానంలో కాళ్ళకే వేసుకోండి. బూట్లు తప్పదనుకుంటే వాటి లోపల సాక్సులు, చార్జర్లు కుక్కండి, ఆ ఖాళీ వృథా చేయొద్దు. తొడలు ఒరుసుకునే వాళ్ళు లోపల సైక్లింగ్ షార్ట్స్ వేసుకోవాలి, లేదా నడవబోయే ముందే పెట్రోలియం జెల్లీ రాసుకోవాలి. ఎర్రబడ్డాక రాస్తే మంట.

ఇప్పుడు చీర. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లో, అందులోని వాట్ ఫ్రా కేవ్ గుడిలో భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలన్నదే నియమం, చీరే కట్టుకు రమ్మని ఎవరూ అనరు. స్లీవ్‌లెస్ మీద చున్నీ వేసుకుంటే సరిపోతుందని లెక్కేసుకోవద్దు, గేటు దగ్గర ఆపుతారు. చేతులున్న కుర్తీ, వదులు ప్యాంటు చాలు. మగవాళ్ళకీ షార్ట్స్ కుదరవు, పొడుగు ప్యాంటు ఉండాల్సిందే. కంచిపట్టు ముప్పావు కేజీ నుంచి కేజీ, జాకెట్టూ లంగా కలిపితే ఇంకో పావు కేజీ, చెమటకు జరీ నల్లబడుతుంది. అత్తగారి మాట తీసెయ్యలేకపోతే పల్చటి మల్ చీర ఒకటి పెట్టుకోండి, నలగదు, ఫొటోల్లోనూ బాగుంటుంది.

సర్దే వరస. పెట్టెను నిలబెట్టినప్పుడు చక్రాల వైపు ఏది ఉంటుందో అక్కడ బరువైనవి: చెప్పులు, సీసాల సంచీ, పచ్చడి డబ్బా. పైన బరువుంటే పెట్టె నిలబడదు, లోపలివన్నీ కిందికి జారి నలుగుతాయి. కడ్డీ గొట్టాల మధ్య గాడిలో లోదుస్తులు పరిచి చదును చేయాలి. టీషర్టులు, షార్ట్స్ చుట్టండి. లినెన్ చొక్కాలు మాత్రం చుట్టొద్దు, రెండు మూడు ఒకదానిమీద ఒకటి పరిచి కలిపి మడిస్తే గీతలు పడవు. గాలి పీల్చే వ్యాక్యూమ్ కవర్లు కొంటున్నారా? వాటితో చోటు తగ్గుతుంది, బరువు తగ్గదు. ఆ చోటు చూసి ఇంకో నాలుగు జతలు పెడతారు, కౌంటర్ దగ్గర తెలుస్తుంది. తిరిగొచ్చేటప్పుడు గాలి తీయడానికి మెషీనూ ఉండదు.

ఆడవాళ్ళ కోసం ఒక మాట. నెలసరి ఆ వారంలోనే పడేలా ఉంటే మాత్రల మీద వాయిదా వేయాలనుకునే వాళ్ళు విమానం రోజు కాదు, రెండు మూడు వారాల ముందే డాక్టర్ని అడగండి. ఆ మాత్రలు మామూలుగా అనుకున్న తేదీకి 3 రోజుల ముందు నుంచి మొదలెట్టాలి, కొందరికి అసలు పడవు. మీకు అలవాటైన ప్యాడ్లే సరిపడా పెట్టుకోండి, సగం బ్యాక్‌ప్యాకులో.

చీటీ_లేనిదే_మందు_లేదు

సన్‌స్క్రీన్ లెక్క అడిగారు కాబట్టి లెక్కగానే చెప్తాను. పెద్దవాళ్ళకు ఒళ్ళంతా ఒకసారి సరిగ్గా రాయాలంటే 30 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. మనలో చాలామంది అందులో మూడో వంతు రాసి, ఎస్పీఎఫ్ 50 రాసినా నల్లబడ్డామని క్రీమును తిడతారు. రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చాకా బాగా చెమట పట్టాకా కూడా మళ్ళీ రాయాలి. సముద్రం రోజులు మూడు, రోజుకు మూడుసార్లు, ఇద్దరు: 540 మిల్లీలీటర్లు. మన దుకాణాల్లో ట్యూబు 50 గ్రాములు, అంటే పదకొండు ట్యూబులు.

అదే ఇద్దరూ పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఈతలో వేసుకునే బిగుతు చొక్కా), మోకాళ్ళ దాకా షార్ట్స్ వేసుకుంటే మిగిలేది ముఖం, మెడ, చేతులు, పిక్కలు, పాదాలు. ఒకసారికి 12 మిల్లీలీటర్లు చాలు. మొత్తం 216, బ్యాంకాక్ రోజులకు ముఖానికీ మెడకీ ఇంకో 50. ఆరు ట్యూబులతో అయిపోతుంది. రాష్‌గార్డ్ 200 గ్రాములుంటుంది, దాని బరువులో చాలా వరకు తగ్గిన క్రీముతోనే సరిపోతుంది. పాదాల పైభాగం, చెవులు, పాపిట, వీటిని మర్చిపోకండి. పడవలో కూర్చున్నప్పుడు ముందు కాలేవి అవే.

ఏ క్రీము అన్నది కూడా చూడాలి. పగడపు దిబ్బలకు హాని అని థాయ్‌లాండ్ 2021లో తన జాతీయ పార్కుల్లో నాలుగు పదార్థాలున్న సన్‌స్క్రీన్లను నిషేధించింది: ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, 4-మిథైల్‌బెంజిలిడిన్ క్యాంఫర్, బ్యూటైల్‌పారాబెన్. జరిమానా లక్ష బాత్‌ల దాకా. క్రాబి నుంచి తీసుకెళ్ళే ఫీఫీ, హాంగ్ ద్వీపాలు జాతీయ పార్కుల్లోవే. చిక్కేమిటంటే మన ట్యూబుల మీద అవే పేర్లు ఉండవు. ఆక్సీబెంజోన్‌ను బెంజోఫినోన్-3 అని, ఆక్టినాక్సేట్‌ను ఎథైల్‌హెక్సైల్ మెథాక్సీసిన్నమేట్ అని రాస్తారు. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదివి కొనండి. జింక్ ఆక్సైడ్ రకం క్షేమం, కాకపోతే మన రంగు మీద పిండి పూసినట్టు కనిపిస్తుంది. దోమల క్రీము కూడా రాసుకుంటే వరస ఇది: ముందు సన్‌స్క్రీన్, అది ఇంకాక దోమల క్రీము.

చేతి సామానులో ద్రవాలు. 100 మిల్లీలీటర్లు అంటే సీసా పరిమాణం, అందులో మిగిలింది కాదు. 150 గ్రాముల టూత్‌పేస్టు సగం అయిపోయినా తీసి పడేస్తారు. అన్నీ కలిపి మనిషికి ఒక లీటరు పారదర్శక సంచీలో పట్టాలి. జెల్, క్రీము, పేస్టు అన్నీ ద్రవాల కిందికే వస్తాయి. డియోడరెంట్ స్ప్రే బదులు రోల్-ఆన్ తీసుకుంటే ఒక తలనొప్పి తగ్గుతుంది.

మందుల సంచీ ఇద్దరికీ ఒకటే, కానీ రోజూ వేసుకునే మందులు మాత్రం రెండు భాగాలు చేసి రెండు బ్యాక్‌ప్యాకుల్లో. ఎనిమిది రోజులైతే పన్నెండు రోజులవి. స్ట్రిప్పులు కత్తిరించి డబ్బాలో పోయకండి, పేరూ గడువు తేదీ కనిపించాలి. మందు చీటీలో బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని చెక్-ఇన్లో పెట్టొద్దు, గడ్డకడితే పని చేయదు. దారిలో దుబాయ్ మీదుగా వెళ్ళే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, ట్రమడాల్ అక్కడ నియంత్రిత మందులు. మన దగ్గర ఇంట్లో పడుంటాయి కదా అని సంచీలో వేసుకోవద్దు.

మామూలుగా కావలసినవి: పారాసిటమాల్ 10, సెటిరిజిన్ 6, గ్యాస్ మాత్రలు 10, బ్యాండేజీలు, యాంటిసెప్టిక్ ఆయింట్‌మెంట్ చిన్నది, ఓఆర్ఎస్ పొట్లాలు 6. పొట్లం మీద ఎంత నీళ్ళకో చూసి అంతే కలపాలి. లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పడవలో కడుపు తిప్పే వాళ్ళు ప్రొమెథజిన్ రకం మాత్ర ఎక్కడానికి గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే వాంతిలో పోతుంది. దానితో మత్తు వస్తుంది, ఆ రోజు బీరు వద్దు.

బేగంబజార్_భాయ్

ఆవకాయ ముచ్చట ఎవ్వరు చెప్పలే, నేను చెప్త. చేతి బ్యాగుల పెట్టకుండ్రి. సెక్యూరిటీ లెక్కల అది పేస్టే, చెత్తడబ్బాలకు పోతది. చెక్-ఇన్లనే పెట్టుండ్రి.

కారుడు ఎందుకైతదంటే, పైకి పోయినంక విమానంల గాలి ఒత్తిడి తగ్గుతది. డబ్బాల ఇరుక్కున్న గాలి ఉబ్బుతది, అది మూత మరలకెళ్ళి నూనెను బయటకు తోస్తది. గాజు సీసా వద్దు, పెట్టె విసిరితె పగుల్తది. 250 గ్రాములు పట్టే ప్లాస్టిక్ మరల డబ్బా తీస్కోండ్రి. పైన తేలిన నూనె వంపేసి, గట్టి ముక్క మాత్రం ముప్పావు దాకనే నింపుండ్రి. డబ్బాను పక్కల నుంచి కొద్దిగ నొక్కి గాలి పోనిచ్చి మూతెయ్యాలె, అప్పుడు లోపలి గాలి ఉబ్బినా దానికి జాగ ఉంటది. మూత పెట్టక ముందు నోటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం, మూత చుట్టు టేపు, దాని మీద రెండు జిప్ కవర్లు. ఆఖర్కి స్టీలు టిఫిన్ డబ్బాల పెట్టి పెట్టె నడిమిట్ల పెట్టుండ్రి. చీరల పక్కన కాదు. ఇద్దరికి ఎనిమిది రోజులకు 200 గ్రాములు మస్తు. కందిపొడి, కరివేపాకు పొడి చెరి 100 గ్రాములు. రైస్ కుక్కర్ తీస్కపోయేటోళ్ళు గూడ ఉంటరు, ఎనిమిది రోజులకు అది దండగ బరువు.

పెట్టకూడనివి: ఎండుకొబ్బరి చిప్పలు. దాంట్ల నూనె వేడికి అంటుకుంటదని ఆపుతరు. కర్పూరం, అగ్గిపెట్టె, లైటర్ అసలే వద్దు. దేవుని సామాన్ల సంచిల కర్పూరం బిళ్ళ ఉంటది, ఎవ్వరికి యాదికుండదు, తీసి చూస్కోండ్రి. గసగసాలు థాయ్‌లాండ్‌ది ముచ్చట కాదు గని, ఇంకోసారి దుబాయికో సింగపూర్‌కో పోతె మసాలాల గూడ ఉండొద్దు, అక్కడ నేరం. సిగరెట్ లెక్క పీల్చే వేప్ థాయ్‌లాండ్‌ల నిషేధం, ఇక్కడ గూడ నిషేధమే.

పవర్ బ్యాంకు: 20,000ను బ్యాటరీ వోల్టులు 3.7తోని గుణించి 1,000తోని భాగిస్తె 74 వాట్-అవర్లు. 100 లోపల ఉంటె పర్మిషన్ అక్కర్లే. 100 నుంచి 160 దాక ఎయిర్‌లైన్‌ను అడగాలె, 160 దాటితె బంద్. చేతి బ్యాగులనే ఉండాలె, చెక్-ఇన్ల పెడితె పెట్టె తెరిపిస్తరు. దాని మీద అంకెలు అరిగిపోయి కనబడకపోతె గుంజుకుంటరు, గసొంటిది వదిలేసి కొత్తది కొనుండ్రి. 2025 నుంచి శానా ఎయిర్‌లైన్లు విమానంల దాన్ని వాడొద్దని పెట్టినయి, ఫోన్ ముందుగాలనే చార్జ్ చేస్కోండ్రి.

ప్లగ్గు: థాయ్‌లాండ్‌ల కరెంటు మన తీరే, 230 వోల్టుల దగ్గర. మన ఫోన్ చార్జర్ల సన్న రెండు గుండ్రటి పిన్నులు అక్కడ పడ్తయి. మూడు పిన్నుల ల్యాప్‌టాప్‌ది, ఇస్త్రీది పట్టయి. కోఠి గుజరాతీ గల్లీల యూనివర్సల్ అడాప్టర్ ఒక్కటి, చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒక్కటి తీస్కోండ్రి. గోడకు అడాప్టర్, దానికి బాక్సు, ఇద్దరి ఫోన్లు ఒక్కసారే.

మలక్‌పేట_ప్రయాణం

అందరికీ చాలా థ్యాంక్స్. 28 అంగుళాలది అటకెక్కింది. పట్టుచీర సంగతి మా ఆవిడే వాళ్ళమ్మతో మాట్లాడుతుంది, నేను తలదూర్చను. ఇంకో రెండు. పుస్తెలతాడు, నల్లపూసలు, చేతికి రెండు గాజులు కలిపి 70 గ్రాముల దాకా ఉంటాయి. వేసుకునే వెళ్ళొచ్చా? తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్‌లో అడుగుతారా? కొన్న సామానుకు చోటు ఎలా?

తేలికబట్టలు

వేసుకుని వెళ్ళడం తప్పు కాదు. తిరిగొచ్చేటప్పుడు అది అక్కడ కొన్నది కాదని చూపించడమే సమస్య. దానికి కాగితం వెళ్ళేటప్పుడే తీసుకోవాలి, ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ అంటారు. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ లోపలికి పోకముందే కస్టమ్స్ అధికారిని అడిగి నగలు, వాటి బిల్లు లేదా బరువూ నాణ్యతా రాసిన వాల్యుయర్ కాగితం చూపించాలి. వాళ్ళు ఏ నగ, ఎంత బరువు అన్నది రాసి ఇస్తారు. వచ్చేటప్పుడు అది చూపిస్తే గొడవ ఉండదు. దీనికోసం ఒక గంట ముందే బయల్దేరండి. నగలు వేసుకున్న ఫొటోలు ఫోన్లో ఉండటం మంచిదే కానీ కాగితానికి బదులు కాదు.

నా మాట వింటే 70 గ్రాములూ వద్దు. గాజులు లాకర్లో పెట్టండి. సముద్రంలో క్రీము రాసిన ఒంటికి ఏదీ పట్టు నిలవదు, చల్లటి నీళ్ళకు వేళ్ళు సన్నబడి ఉంగరం తెలియకుండానే జారుతుంది. పసుపుతాడుకు సూత్రాలు కట్టుకోవడమో, చిన్న నల్లపూసలు ఒక్కటే వేసుకోవడమో మీ ఇంటి ఆనవాయితీని బట్టి చూసుకోండి. గిల్టు నగలు పెట్టుకుంటే ఉప్పునీళ్ళలో దిగకముందే తీసెయ్యాలి, పూత రెండు రోజుల్లో పోతుంది.

కాంటా_మాస్టర్

కొన్న సామానుకు: మడిస్తే గుప్పెడంత అయ్యే గుడ్డ బ్యాగు ఒకటి, 250, 300 గ్రాములది, పెట్టె అడుగున వేసుకోండి. క్రాబిలో ఏమీ కొనొద్దు. కొనేవన్నీ చివరి రాత్రికి బ్యాంకాక్‌లో కొనండి, అక్కణ్నుంచి మీకు మళ్ళీ 40 కేజీలున్నాయి. కొబ్బరి నూనె, సాస్ సీసాలు చెక్-ఇన్లోకి, బట్టల మధ్యన. డ్యూటీ ఫ్రీలో సీసా కొంటే వాళ్ళు సీలు వేసిచ్చిన సంచీ ఇంటికి చేరేదాకా చింపొద్దు, బిల్లు అందులోనే ఉండాలి.

పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలు పైన ఉండాలి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినా మారకపోయినా టికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా ఉండాలి. థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు 2025 మే 1 నుంచి తప్పనిసరి. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, ప్రభుత్వ సైటులో ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. ఇద్దరి క్యూఆర్ కోడ్‌లూ ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి, ఒక ఫోను నీళ్ళలో పడితే రెండోది ఉంటుంది.

చివరి ఉతుకు బ్యాంకాక్ వచ్చే ముందు రోజుకల్లా అయిపోవాలి. తడి ఈత దుస్తులు తప్పకపోతే తువ్వాల్లో చుట్టి పిండి, జిప్ కవర్లో వేసి పెట్టె పైభాగంలో పెట్టండి, ఇంటికి రాగానే మొదట అవే బయటికి తీయాలి. చెప్పుల ఇసుక హోటల్లోనే దులపండి. బ్యాంకాక్‌లో చివరి రాత్రే కాంటా తీసి రెండు బ్యాక్‌ప్యాకులు, పెట్టె, మడత బ్యాగు విడివిడిగా తూయండి. విమానాశ్రయంలో పెట్టె తెరిచి బట్టలు అటూ ఇటూ మార్చుకునే పని ఉండదు.